ఓపెన్ బాఫిల్ స్పీకర్: పలక వెడల్పు, క్రాసోవర్ రెండూ ఒకే లెక్క

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: గది 12×14 అడుగులు. 94 డీబీ సెన్సిటివిటీ (ఒక వాటుకు మీటరు దూరంలో వచ్చే శబ్దం) ఉన్న 8 అంగుళాల, 8 ఓమ్‌ల ఫుల్ రేంజ్ (దాదాపు అన్ని స్వరాలూ ఒక్కటే పలికే) డ్రైవర్లు ఒక జత చేతిలో ఉన్నాయి. కింద 15 అంగుళాల వూఫర్ (బేస్ పలికే డ్రైవర్, ఇంకా కొనలేదు) చేర్చి, డబ్బా లేకుండా పలకకే, అంటే ఓపెన్ బాఫిల్‌గా, బిగించాలనుకుంటున్నారు. ఆంప్ ఒకటే. పలక ఎంత వెడల్పు ఉండాలి, క్రాసోవర్ (రెండు డ్రైవర్లకు శబ్దాన్ని పంచే ఫిల్టర్) ఏ హెర్ట్జ్ దగ్గర పెట్టాలి, డబ్బా స్పీకర్లకు వాడే ఫార్ములా దీనికీ సరిపోతుందా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. పలక 50 సెం.మీ. వెడల్పు, 110 సెం.మీ. ఎత్తు. వూఫర్ క్యూటీఎస్ (కోన్ ఊపు ఎంత అదుపులో ఉందో చెప్పే సంఖ్య, ఎక్కువైతే అదుపు తక్కువ) 0.8కి పైన, సెన్సిటివిటీ 96, 97 డీబీ దగ్గర ఉండాలి. క్రాసోవర్ 200 హెర్ట్జ్ చుట్టూ. వూఫర్‌కు వరుసలో 18 మిల్లీహెన్రీల కాయిల్, దాని తర్వాత వూఫర్‌కు అడ్డంగా (సమాంతరంగా) 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్. ఫుల్ రేంజ్‌కు వరుసలో 100 మైక్రోఫారడ్లు, ఆ తర్వాత 6 డీబీ తగ్గించే రెండు రెసిస్టర్లు. స్పీకర్ వెనక గోడకు కనీసం ఒక మీటరు దూరం. డబ్బా ఫార్ములా మాత్రం సరిపోదు. ఎందుకో తెలిస్తే మీ డ్రైవర్లకు తగ్గట్టు ఈ విలువలను మీరే మార్చుకోగలరు.

కోన్ ముందుకు కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. డబ్బా ఉంటే వెనక శబ్దం లోపలే ఆగిపోతుంది. పలక మాత్రమే ఉంటే అది అంచు చుట్టూ తిరిగి ముందుకొచ్చి, ముందు శబ్దాన్ని కొట్టేస్తుంది. ఎంత కొట్టేస్తుందనేది డ్రైవర్ మధ్య నుంచి పలక అంచు వరకు ఉన్న దూరాన్ని బట్టి ఉంటుంది. ఆ దూరం అన్ని వైపులా ఒకేలా ఉండదు కాబట్టి 50 సెం.మీ. పలకకు సగటున 28 సెం.మీ. అనుకుందాం. ధ్వని వేగం 343ని 0.28తో భాగిస్తే 1225. దాన్ని 0.17తో గుణిస్తే 208 హెర్ట్జ్. అంటే 208 దగ్గర లాభమూ నష్టమూ లేదు. అక్కడి నుంచి కిందికి ఆక్టేవ్‌కు (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 6 డీబీ చొప్పున పడిపోతుంది: 100 దగ్గర 6 డీబీ, 50 దగ్గర 12 డీబీ పోయినట్టే. పైకి వెళ్తే 610 చుట్టూ ఒక ఉబ్బు, 1225 చుట్టూ ఒక గుంట వస్తాయి.

ఆడియో ఇంజినీరు సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ డైపోల్ స్పీకర్ల (ముందూ వెనకా వ్యతిరేక శబ్దం పంపేవి, ఓపెన్ బాఫిల్ ఆ రకమే) గురించి రాసినవాటిలో ఈ లెక్కలన్నీ దొరుకుతాయి. క్రాసోవర్లలో మనం రోజూ వాడే లింక్‌విట్జ్-రైలీ ఫిల్టర్‌లో ఉన్నది ఆయన పేరే.

ఇక వూఫర్ ఎంపిక. మొత్తం పనిలో డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఓపెన్ బాఫిల్‌లో బాగా పనిచేస్తుందని పేరున్న ఎమినెన్స్ ఆల్ఫా 15ఏని ఉదాహరణగా తీసుకుందాం. దాని క్యూటీఎస్ 1.26, ఎఫ్ఎస్ (కోన్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) 41 హెర్ట్జ్, సెన్సిటివిటీ సుమారు 97 డీబీ, ఎక్స్‌మ్యాక్స్ (కోన్ ఒక వైపుకు సరిగా కదలగల దూరం) 3.8 మి.మీ. డబ్బా స్పీకర్లు చేసేవాళ్ళు 1.26 క్యూటీఎస్ చూస్తే వద్దంటారు, ఎందుకంటే డబ్బాలో అది గుమ్‌గుమ్‌మంటుంది. పలక మీద అదే గుణం మేలు చేస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఆ క్యూ వల్ల వచ్చే దాదాపు 2.7 డీబీ ఉబ్బు, పలక మింగిన 12 డీబీలో కొంత తిరిగిస్తుంది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో గానీ మరెక్కడైనా గానీ దొరికే పీఏ (సభల మైకుసెట్లకు వాడే) వూఫర్లలో చాలావాటి క్యూటీఎస్ 0.3, 0.4 మధ్య ఉంటుంది. 0.35 ఉన్న వూఫర్‌కు దాని ఎఫ్ఎస్ దగ్గరే 9 డీబీ తగ్గుదల ఉంటుంది. పలక నష్టం కూడా కలిస్తే 40 హెర్ట్జ్ ప్రాంతంలో దాదాపు 23 డీబీ పోయినట్టు. పాసివ్ (కాయిల్, కెపాసిటర్, రెసిస్టర్లతోనే చేసే) క్రాసోవర్‌తో దాన్ని బాగుచేయలేరు. మాగ్నెట్ పెద్దగా ఉంటే బేస్ ఎక్కువ వస్తుందనే నమ్మకం ఇక్కడ పూర్తిగా తిరగబడుతుంది. డేటా షీట్ లేని వూఫర్ కొనొద్దు. రీకోన్ (కోన్ మార్చి బాగుచేయడం) చేసిందైతే షీట్‌ను కూడా నమ్మొద్దు. ఇంపిడెన్స్ కొలిచి, ఎఫ్ఎస్, క్యూటీఎస్ చూసుకున్నాకే పలక కోయించండి.

15 అంగుళాలే ఎందుకంటే, 40 హెర్ట్జ్ దగ్గర 3.8 మి.మీ. కదలికతో 15 అంగుళాల కోన్ ఈ పలక మీద ఒక మీటరు దూరంలో సుమారు 89 డీబీ ఇస్తుంది. అదే కదలికతో 8 అంగుళాల కోన్ ఇచ్చేది 77. కోన్ వైశాల్యంలో ఉన్న నాలుగు రెట్ల తేడాయే ఆ 12 డీబీ. డైపోల్‌లో ఒక ఆక్టేవ్ కిందికి దిగితే, అదే శబ్దానికి కోన్ ఎనిమిది రెట్లు కదలాలి. అందుకే 8 అంగుళాల ఫుల్ రేంజ్‌తోనే కింద బేస్ కూడా పలికించాలని చూస్తే వాయిస్ కాయిల్ టకటకమని కొట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఓపెన్ బాఫిల్‌లో క్రాసోవర్ చేసే పని రెండు డ్రైవర్లను విడదీయడం ఒక్కటే అనుకోకండి. పలక మింగిన బేస్‌కు సరిగ్గా పైభాగాన్ని కూడా అదే కోయాలి. పాసివ్ ఫిల్టర్ బేస్‌ను పెంచలేదు, పైదాన్ని తగ్గించి సమం చేయగలదంతే. కాబట్టి 97 డీబీ వూఫర్ పలకెక్కాక దాదాపు 87 డీబీ వూఫర్ అవుతుంది. పై డ్రైవర్ కంటే వూఫర్ సెన్సిటివిటీ 8 నుంచి 10 డీబీ ఎక్కువ ఉండాలి అని చెప్పేది ఇందుకే. మీ ఫుల్ రేంజ్ 94 అంటున్నారు. 6 డీబీ తగ్గించకపోతే స్వరమంతా పైనే ఉండి, కింద బోలుగా వినిపిస్తుంది.

విలువలతో చూద్దాం. 200 హెర్ట్జ్, 8 ఓమ్‌లకు డబ్బా స్పీకర్లకు వాడే, పుస్తకంలోని బటర్‌వర్త్ ఫార్ములా 9 మిల్లీహెన్రీలు, 70 మైక్రోఫారడ్లు ఇస్తుంది. పై వూఫర్‌తో ఆ విలువలు వాడితే, లెక్క ప్రకారం 50 దగ్గర 87.5, 100 దగ్గర 91, 150 నుంచి 200 వరకు 93 డీబీ వస్తుంది. ఐదు డీబీలకు మించిన ఈ ఉబ్బు మగ గొంతు ఛాతీలోంచి వచ్చే చోటే కూర్చుంటుంది. వార్తలు చదివే మనిషి కుండలో తలపెట్టి మాట్లాడినట్టుంటుంది. చాలామంది ఓపెన్ బాఫిల్ కట్టి "బేస్ లేదు, మధ్యలో మోత ఉంది" అని వదిలేయడానికి కారణం తరచూ ఇదే. కాయిల్‌ను 18 మిల్లీహెన్రీలకు, కెపాసిటర్‌ను 100 మైక్రోఫారడ్లకు మార్చితే 50, 100, 150 హెర్ట్జ్‌లు మూడూ 86, 88 డీబీల మధ్యకు వచ్చేస్తాయి. 200 దగ్గర 86కి జారడం మొదలై, ఆపైన వేగంగా తగ్గుతుంది. కాయిల్, కెపాసిటర్ కలిసే చోటు కాగితం మీద 118 హెర్ట్జే అయినా, చెవికి అందే క్రాసోవర్ 200 దగ్గరే ఉంటుంది. ఆ రెండింటి మధ్య తేడా పలక పుణ్యమే.

ఈ విలువలు వాయిస్ కాయిల్‌ను 7 ఓమ్‌లుగా తీసుకుని చేసిన లెక్క. మీ వూఫర్ వేరైతే 12, 15, 18 మిల్లీహెన్రీల దగ్గర ట్యాపులున్న (మధ్యలో తీగ చివరలు బయటికి తీసిన) కాయిల్ చుట్టించుకోండి. కొలుస్తూ మార్చుకోవడం తేలికవుతుంది.

18 మిల్లీహెన్రీల కాయిల్‌ను గాలి కోర్‌తో చుట్టిస్తే కిలోలకొద్దీ రాగి పడుతుంది, రెసిస్టెన్స్ కూడా ఓమ్ దాటే అవకాశముంది. ఈఐ లామినేషన్ (ఈ, ఐ ఆకారపు ఇనుప రేకుల) కోర్ మీద 18 గేజ్ రాగి తీగతో, 0.5 ఓమ్ లోపు ఉండేలా ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేవాళ్ళతో చేయించండి. కోర్‌లో గాలి సందు తప్పనిసరి. ట్రాన్స్‌ఫార్మర్‌కు చేసినట్టు ఈ, ఐ రేకులను అల్లేస్తే కరెంటు పెరగ్గానే కోర్ నిండిపోయి విలువ పడిపోతుంది, గట్టి బేస్ దగ్గర శబ్దం చిట్లుతుంది. ఈలన్నీ ఒక పక్క, ఐలన్నీ ఒక పక్క పేర్చి మధ్యలో ఫైబర్ ముక్క పెట్టమని విడమరిచి చెప్పాలి. చెప్పకపోతే అలవాటుగా అల్లేస్తారు. ఎల్‌సీఆర్ మీటర్‌ను (కాయిల్ విలువ చూపేది) 1 కిలోహెర్ట్జ్ మీద కాక 100 లేదా 120 హెర్ట్జ్ మీద పెట్టి కొలవండి.

100 మైక్రోఫారడ్లకు మోటార్ రన్ కెపాసిటర్లు చక్కగా పనికొస్తాయి. 50 మైక్రోఫారడ్లు, 440 వోల్టులవి రెండు సమాంతరంగా కలపండి. పంపు సెట్లు, ఏసీల సామాను అమ్మే ఏ షాపులోనైనా ఉంటాయి, లోపల పాలీప్రొపిలీన్ ఫిల్మే. స్టార్ట్ కెపాసిటర్ మాత్రం తేవద్దు. అది రెండు మూడు సెకన్ల పనికి చేసిన ఎలక్ట్రోలిటిక్, విలువ కూడా అటూ ఇటూగా ఉంటుంది. పవర్ సప్లైల్లో వాడే ప్లస్ మైనస్ గుర్తున్నవి అసలే వద్దు.

ఒక హెచ్చరిక. వూఫర్ వైరు ఊడిపోయి కాయిల్, కెపాసిటర్ మాత్రమే ఆంప్‌కు తగిలి ఉంటే, 118 హెర్ట్జ్ దగ్గర ఆ రెండూ కలిసి దాదాపు షార్ట్ అవుతాయి. పరీక్ష కోసం "వూఫర్ తీసేసి ఫుల్ రేంజ్ ఒక్కటే విందాం" అనుకుంటే, వూఫర్ ఫిల్టర్‌ను మొదట్లోనే ఆంప్ నుంచి విప్పండి. లేకపోతే ఆ షార్ట్ వల్ల ఆంప్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోవచ్చు.

ఫుల్ రేంజ్ వైపు పని సులువు. 8 ఓమ్‌లకు 100 మైక్రోఫారడ్లు అంటే 199 హెర్ట్జ్ దగ్గర ఆక్టేవ్‌కు 6 డీబీ కోత మొదలవుతుంది. కింద పలక ఇంకో 6 డీబీ కోస్తుంది కాబట్టి ఒక్క కెపాసిటర్‌తోనే 12 డీబీ వాలు వచ్చినట్టు. కెపాసిటర్ తర్వాత వరుసలో 4 ఓమ్‌లు, డ్రైవర్‌కు అడ్డంగా 8 ఓమ్‌లు పెట్టండి. రెండూ 20 వాట్ల వైర్‌వౌండ్ రకం. దీంతో 6 డీబీ తగ్గుతుంది, ఆంప్‌కు కనిపించే లోడు 8 ఓమ్‌లుగానే ఉంటుంది. ఆ అడ్డం రెసిస్టర్‌తో ఇంకో మేలుంది. డ్రైవర్ ఇంపిడెన్స్ దాని ఎఫ్ఎస్ దగ్గర 40 ఓమ్‌లకు ఎగిరినా, కెపాసిటర్‌కు కనిపించేది 10.7 ఓమ్‌లే. అది లేకపోతే కింద కోత సరిగా పడక కోన్ ఊగుతుంది. రెసిస్టర్లు వేడెక్కుతాయి, చెక్కకు ఆనకుండా కాస్త ఎత్తున బిగించండి.

పోలారిటీ (ప్లస్ మైనస్ కలిపే తీరు) ఊహించి పెట్టొద్దు. రెండు రకాలుగా కలిపి, కూర్చునే చోట మైక్ పెట్టి కొలవండి. ఒక రకంలో 200 చుట్టూ లోతైన గుంట కనిపిస్తుంది. దానికి వ్యతిరేకంగా కలిపిందే సరైనది. గుంట రెండింటిలోనూ లోతు లేకుండా ఉంటే, రెండు డ్రైవర్ల స్థాయిలో గానీ ఫేజ్‌లో గానీ ఇంకా తేడా ఉన్నట్టు.

పలకకు 8×4 అడుగుల, 18 మి.మీ. షీట్ ఒకటి చాలు. 50×110 సెం.మీ. ముక్కలు నాలుగు వస్తాయి, రెండేసి అతికిస్తే 36 మి.మీ. మందం. మిగిలే 20 సెం.మీ. పట్టీలోంచి వెనక ఆనుడు కర్రలు, పాదాలు చేసుకోవచ్చు. వానాకాలం తేమకు మామూలు ఎంఆర్ ప్లై అంచుల దగ్గర విచ్చుకుంటుంది, ఐఎస్ 710 మార్క్ ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి. వూఫర్ మధ్య నేల నుంచి 24 సెం.మీ., ఫుల్ రేంజ్ మధ్య 90 సెం.మీ. ఎత్తున. మధ్య దూరం 66 సెం.మీ. అంటే 200 హెర్ట్జ్ తరంగంలో సగం (86) కంటే తక్కువ, కాబట్టి రెండూ కలిసే పలుకుతాయి. ఇదే అమరికతో క్రాసోవర్‌ను 500కి తీసుకెళ్తే కలవవు.

ఫుల్ రేంజ్‌ను పలక నడిమధ్యలో పెట్టొద్దు. ఒక అంచుకు 20, రెండో అంచుకు 30 సెం.మీ. ఉండేలా జరపండి. కుడి ఎడమ పలకలు అద్దంలో ప్రతిబింబాల్లా ఉండాలి. ఇలా చేస్తే 610 దగ్గరి ఉబ్బు ఒకేచోట పోగవకుండా చెదురుతుంది. ఇంకో మాట, వడ్రంగులు రంధ్రం కోసి వదిలేస్తారు. 36 మి.మీ. మందంలో 8 అంగుళాల డ్రైవర్ వెనక అది గొట్టంలా మారి, గొంతుకు ముక్కుతో పలికిన రంగు తెస్తుంది. రంధ్రం వెనక అంచును 45 డిగ్రీల వాలుగా చెక్కించండి, మరలకు పట్టు మిగిలేలా. వూఫర్‌కు అంత పట్టింపు లేదు. డ్రిల్లింగ్ అంతా డ్రైవర్లు బిగించకముందే పూర్తి చేయాలి. ఇనుప పొడి మాగ్నెట్ సందులోకి వెళ్తే మళ్ళీ బయటికి రాదు.

పలక వెడల్పు పెంచలేకపోతే పక్కలకు 12, 15 సెం.మీ. రెక్కలు పెట్టొచ్చు. దూరం 28 నుంచి 40కి పెరిగితే 208 హెర్ట్జ్ కాస్తా 146 అవుతుంది, బేస్‌లో 3 డీబీ లాభం. అప్పుడు కాయిల్ విలువ మారుతుందని మర్చిపోకండి. రెక్కలు వూఫర్ ఎత్తు వరకే చాలు. ఫుల్ రేంజ్ వెనక కూడా పెడితే అక్కడ గాలి గుహలో చిక్కినట్టయి, ఓపెన్ బాఫిల్‌తో వచ్చే విశాలతే పోతుంది.

గదిలో పెట్టడం గురించి చాలామంది తిరగేసి అనుకుంటారు. డబ్బా స్పీకర్‌ను గోడకు జరిపితే బేస్ పెరుగుతుంది. ఓపెన్ బాఫిల్‌ను గోడకు జరిపితే లోతైన బేస్ తగ్గుతుంది, ఎందుకంటే వెనక నుంచి తిరిగొచ్చేది వ్యతిరేక శబ్దం. గోడకు ఒక మీటరు దూరంలో 86 హెర్ట్జ్ చుట్టూ బలం వస్తుంది, 29 వరకు గోడ వల్ల నష్టం లేదు. అర మీటరుకు జరిపితే 57 హెర్ట్జ్ నుంచే కిందికి నష్టం మొదలవుతుంది. మీ గదిలో 12 అడుగుల గోడ ముందు మూడున్నర అడుగులు వదిలి పెట్టండి, మీరు ఏడెనిమిది అడుగుల దూరంలో కూర్చోండి. పక్క గోడలు దగ్గరున్నా భయం లేదు, పలక అంచు వైపు శబ్దం చాలా తక్కువ. లోపలికి కొంచెం తిప్పితే ఆ నిశ్శబ్దపు వైపు పక్క గోడకు తిరుగుతుంది. వెనక గోడకు మందపాటి తెరలు, పరుపులు పెట్టి శబ్దాన్ని చంపేయకండి. పుస్తకాల అరలాంటిది ఉంటే మంచిది.

కొలతల్లో ఒక ఉచ్చు ఉంది. డబ్బా స్పీకర్లకు చేసినట్టు వూఫర్ కోన్‌కు అంగుళం దూరంలో మైక్ పెట్టి బేస్ కొలిస్తే, గీత అందంగా తిన్నగా వస్తుంది. అది అబద్ధం. అంత దగ్గరలో పలక నష్టం మైక్‌కు తెలియనే తెలియదు. గదిలో మీటరు దూరంలో గేట్ పెట్టి (ప్రతిధ్వని రాకముందే కొలత ఆపి) కొలిస్తే 4, 5 మిల్లీసెకన్ల తర్వాత ప్రతిధ్వనులొస్తాయి కాబట్టి 250 హెర్ట్జ్ కింద నమ్మలేం. దారి ఏమిటంటే, గాలి లేని సాయంత్రం స్పీకర్‌ను డాబా మీదికి తీసుకెళ్ళి, పిట్టగోడకు వీలైనంత దూరంగా నిలబెట్టి, మైక్‌ను నేల మీదే రెండు మీటర్ల దూరంలో పడుకోబెట్టి కొలవండి. ఆర్‌ఈడబ్ల్యూ అనే కొలత సాఫ్ట్‌వేర్ ఉచితం, దానికి కాలిబ్రేషన్ ఫైలున్న యూఎస్‌బీ మైక్ చాలు. ఆ కొలతలను విట్యూక్స్‌క్యాడ్ అనే క్రాసోవర్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే కాయిల్ విలువలు మార్చి చూసుకోవచ్చు. ఆ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే.

రెండో ఆంప్, డీఎస్‌పీ (ఫిల్టర్లన్నీ డిజిటల్‌గా చేసే పరికరం) కొనే వీలుంటే కథ మారుతుంది. 94 డీబీ డ్రైవర్‌ను రెసిస్టర్లతో 88కి దించాల్సిన అవసరం ఉండదు. 200 దగ్గర 24 డీబీ లింక్‌విట్జ్-రైలీ పెట్టి, వూఫర్‌కు 200 నుంచి 50 వరకు నెమ్మదిగా పెరిగే లో షెల్ఫ్ (బేస్‌ను పెంచే సర్దుబాటు) ఇవ్వండి. క్యూటీఎస్ 0.4 ఉన్న వూఫర్లు కూడా అప్పుడు పనికొస్తాయి. అయితే 10 డీబీ పెంచడమంటే పది రెట్ల పవర్. కోన్ కదలిక హద్దు ఎలాగూ మారదు.

అందుకే పాసివ్ అయినా యాక్టివ్ అయినా 30 హెర్ట్జ్ కింద కోసే హై పాస్ ఆంప్‌కు ముందే ఉండాలి. డబ్బాలో గాలి స్ప్రింగులా కోన్‌ను పట్టి ఉంచుతుంది, పలకకు ఆ ఆసరా లేదు. వంగిన రికార్డు తిప్పినా, సినిమాలో పేలుడు దృశ్యం వచ్చినా, వినిపించని 15 హెర్ట్జ్‌కే కోన్ చివరిదాకా వెళ్ళి కొట్టుకుంటుంది. సినిమాలే ఎక్కువ చూస్తారంటే, 50 కింద పనిని మూసిన డబ్బా సబ్‌వూఫర్‌కు అప్పగించి, ఈ వూఫర్లను 50 పైనే ఉంచండి. గాత్రం, వీణ, మృదంగం వినడానికైతే పైన చెప్పిన జతకు సబ్ అవసరం పడదు.

వూఫర్ ఇంకా కొనలేదన్నారు కాబట్టి, దాని డేటా షీట్‌లోంచి ఎఫ్ఎస్, క్యూటీఎస్, సెన్సిటివిటీ, వాయిస్ కాయిల్ డీసీ రెసిస్టెన్స్ ఇక్కడ పెట్టండి. కాయిల్ 18 దగ్గరే ఉండాలో మార్చాలో ఆ నాలుగింటితో లెక్క వేసి చెప్పొచ్చు.